జాంగో మోనోలిత్‌ను మాడ్యూళ్లుగా విడదీయాలి: మొదటి గట్టు ఎక్కడ వేయాలి?

బెళ్లందూరు_బ్యాకెండ్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. బెంగళూరులో కిరాణా సరుకుల హోల్‌సేల్ పంపిణీకి వాడే వెబ్ అప్లికేషన్ గురించి సలహా కావాలి. దుకాణదారులు ఆర్డరు పెడతారు, యశవంతపుర, ఎలక్ట్రానిక్ సిటీ గోదాముల నుంచి సరుకు కదులుతుంది, జీఎస్టీ బిల్లు తయారవుతుంది, వసూలైన డబ్బు ఖాతాలో పడుతుంది. అంతా ఒకే ముద్దగా (మోనోలిత్) ఉన్న జాంగో ప్రాజెక్టు; జాంగో అంటే పైథాన్‌లో వెబ్ అప్లికేషన్లు రాసే ఫ్రేమ్‌వర్క్.

కోడు 3,40,000 లైన్లు, 27 ఆప్‌లు (ప్రాజెక్టు లోపలి భాగాలు), దాదాపు 410 మోడళ్లు (ఒక్కోదానికి డేటాబేస్‌లో ఒక టేబుల్). డేటాబేస్ ఒకటే, పోస్ట్‌గ్రెస్, 600 జీబీ. వెనకాల నడిచే పనులకు సెలరీ, ఆ పనుల సందేశాలు దాచే క్యూగా రెడిస్. మూడు టీముల్లో కలిపి 14 మంది. టెస్టులు పూర్తవడానికి 48 నిమిషాలు, కొత్త కోడును సైటులో పెట్టే డిప్లాయ్‌లు వారానికి రెండే.

పేరుకు 27 ఆప్‌లు ఉన్నా ఎవరు ఎవర్ని ఇంపోర్ట్ చేస్తున్నారో లెక్క లేదు. 'ఆర్డర్' మోడల్ ఉన్న ఫైలే 4,100 లైన్లు. దాని సేవ్ మెథడ్‌లోనే స్టాకు తగ్గించడం, అప్పు పరిమితి చూడడం, ఎస్సెమ్మెస్ పంపడం జరుగుతాయి. ఇవి చాలక పోస్ట్_సేవ్ సిగ్నళ్లు (మోడల్ సేవ్ కాగానే దానంతటదే నడిచే కోడు) ఇంకో 60. బిల్లింగ్‌లో ఒక కాలమ్ మారిస్తే గోదాం టీము టెస్టులు పడిపోతున్నాయి.

ఆరు నెలల్లో 8 మైక్రోసర్వీసులుగా (విడివిడిగా నడిచే చిన్న ప్రోగ్రాములుగా) విడగొట్టాలని పైనుంచి ప్రతిపాదన ఉంది. నేరుగా సర్వీసులకు వెళ్లడం సరైనదేనా, లేక ముందు మాడ్యూళ్లు చేసుకోవాలా? హద్దులు దేన్నిబట్టి నిర్ణయించాలి? మొదట ఏ ముక్క తీయాలి? అన్నిటికంటే భయపెడుతున్నవి ఫారిన్ కీలు, అంటే ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్ వరసను చూపే లంకెలు. ఆర్డర్ టేబుల్‌ను పట్టుకుని 70కి పైగా ఉన్నాయి. వాటిని ఏం చేయాలి?


తుంగభద్ర_తీరం

నేరుగా సర్వీసులకు వెళ్లకండి. ఒకే రిపో, ఒకే ప్రాసెస్, ఒకే డిప్లాయ్ అలాగే ఉంచి లోపల గట్లు, అంటే మాడ్యూళ్ల మధ్య హద్దులు, వేయండి. మొదటిసారి వేసిన గట్టు సరైన చోట పడదు. ఒకే ప్రాసెస్‌లో ఉంటే రెండు మూడు రోజులు ఫైళ్లు జరిపి సరిచేసుకోవచ్చు. సర్వీసుగా విడిపోయాక అదే తప్పు దిద్దాలంటే రెండు డేటాబేసులు, రెండు ఏపీఐ (ఒక ప్రోగ్రాము ఇంకోదాన్ని పిలిచే ద్వారం) వెర్షన్లు, మధ్యలో డేటా తరలింపు.

పైవాళ్లకు ఈ లెక్క చూపించండి. ఒక్కో సర్వీసు 99.9 శాతం సమయం పనిచేస్తుందనుకుందాం, అంటే 30 రోజుల నెలలో 43 నిమిషాలు ఆగుతుంది. ఒక ఆర్డరు పూర్తవడానికి అలాంటివి ఐదు వరసగా జవాబివ్వాలంటే మొత్తం 99.5 శాతానికి పడిపోతుంది. నెలకు మూడున్నర గంటలకు పైనే. ఇప్పుడు ఫంక్షన్ పిలుపుతో అయ్యే పని నెట్‌వర్క్ మీద ఒక్కో పిలుపుకు అర మిల్లీసెకను తీసుకున్నా, 200 వరసలున్న ఆర్డరు తెరలో వరసకో పిలుపు పెడితే అదే 100 మిల్లీసెకన్లు. కోడులో చిక్కుముడి ఎక్కడికీ పోదు, అదే ముడి నెట్‌వర్క్ మీద పడుతుంది.

హద్దుల విషయానికి వస్తే, తెల్లబోర్డు మీద డబ్బాలు గీయడంతో మొదలుపెట్టకండి. కోడు మార్పుల చరిత్ర ఉండే గిట్ లాగ్‌లోంచి గత 12 నెలల కమిట్లు (ఒక్కో మార్పు), ఒక్కోదాంట్లో మారిన ఫైళ్ల పేర్లు తీయండి. ఏ రెండు ఆప్‌లు ఒకే కమిట్‌లో ఎన్నిసార్లు కలిసి మారాయో లెక్కపెట్టండి. 30 ఫైళ్లు దాటిన కమిట్లు పక్కన పెట్టండి. అవి ఎక్కువగా ఫార్మాటింగు, పేర్ల మార్పులే, లెక్కను చెడగొడతాయి. ఎప్పుడూ కలిసే మారే రెండు ఆప్‌ల మధ్య గట్టు వేస్తే ప్రతి పనికీ ఆ గట్టు దాటాల్సి వస్తుంది. అవి నిజానికి ఒకే మాడ్యూల్. 27 ఆప్‌లు 7 లేదా 8 మాడ్యూళ్లుగా తేలితే ఆశ్చర్యపోకండి.

రెండో ఆధారం టేబుళ్ల పట్టిక. అడ్డంగా ఆప్‌లు, నిలువుగా టేబుళ్లు పెట్టి, ఎవరు చదువుతున్నారో ఎవరు రాస్తున్నారో గుర్తు పెట్టండి. చదివేవాళ్లు పదిమంది ఉన్నా ఫరవాలేదు. రాసేవాళ్లు ఇద్దరున్న టేబుల్ దగ్గరే అసలు తగాదా ఉంది. ఆ టేబుల్ ఎవరిదో తేల్చి, రెండోవాళ్లు యజమానిని అడిగి రాయించుకునేలా మార్చాలి. ఈ పట్టికకు వారం పడుతుంది, కానీ తర్వాత చేసే ప్రతి పనికీ ఇదే పటం.

నామవాచకాల వెంట పడడం ఇంకో పొరపాటు. 'సరుకు' అనగానే ఒక సరుకు మాడ్యూల్ పెడతారు. గోదాముకు సరుకంటే బరువు, పెట్టెలో ఎన్ని ప్యాకెట్లు, ఏ అరలో ఉంది. బిల్లింగుకు హెచ్ఎస్ఎన్ కోడు (పన్ను కోసం సరుకు వర్గం సంఖ్య), పన్ను శాతం. కేటలాగుకు ఫొటో, వర్ణన. మూడూ ఒకే మోడల్‌లో 90 కాలమ్‌లుగా ఉండడమే ఇప్పటి బాధ. ఒక ఉమ్మడి గుర్తింపు సంఖ్య ఉంచి, ఎవరి కాలమ్‌లు వాళ్లకు పంచండి. రేపు ఏ నిర్ణయం మారే అవకాశం ఉందో దాన్ని ఒక మాడ్యూల్ లోపల దాచాలని డేవిడ్ పార్నస్ 1972లోనే రాశారు. పన్ను శాతాలు మారతాయి, అరల అమరిక మారుతుంది, రెండూ కలిసి మారవు. అంతకంటే మంచి కొలబద్ద నాకు తెలిసి లేదు.

గట్టు వేశాక కాపలా కావాలి. పైథాన్‌లో ఇంపోర్ట్-లింటర్ అనే తనిఖీ సాధనం ఉంది. 'గోదాం నుంచి బిల్లింగ్ లోపలి ఫైళ్లను ఇంపోర్ట్ చేయకూడదు' లాంటి ఒప్పందాలు దాని కాన్ఫిగ్ ఫైల్లో రాస్తే ప్రతి పుల్ రిక్వెస్టుకూ (కోడు మార్పు ప్రతిపాదన) సీఐలో (మార్పులను దానంతటదే పరీక్షించే వ్యవస్థ) తనిఖీ చేస్తుంది. ఫంక్షన్ లోపల దాచిపెట్టిన ఇంపోర్టునూ పట్టుకుంటుంది. ఇప్పుడున్న ఉల్లంఘనలన్నీ మినహాయింపు చిట్టాలో వేసి మొదటిరోజే ఆన్ చేయండి. పాతవి తర్వాత తగ్గుతాయి, కొత్తవి ఆ రోజు నుంచే ఆగుతాయి. అన్నీ సరిచేశాక ఆన్ చేద్దామనుకుంటే ఎప్పటికీ చేయలేరు.

ప్రతి మాడ్యూలుకూ ఒకే ద్వారం ఉండాలి, ఏపీఐ అనే ఒక్క ఫైలు. బయటివాళ్లు దాన్నే ఇంపోర్ట్ చేయాలి. దానిలోంచి మోడల్ ఆబ్జెక్టుగానీ క్వెరీసెట్‌గానీ (డేటాబేస్‌ను అడిగే జాంగో ప్రశ్న) బయటికి ఇవ్వొద్దు, విలువలు మాత్రమే ఉండే డేటాక్లాస్ ఇవ్వండి. క్వెరీసెట్ చేతికిస్తే అవతలివాళ్లు దాని మీద ఫిల్టరు వేస్తారు, మీ కాలమ్ పేర్లు వాళ్ల కోడులోకి పాకుతాయి, రేపు కాలమ్ మార్చలేరు. ఫంక్షన్లు గుంపుగా అడిగేలా ఉండాలి: ఒక ఖాతాదారు వివరం ఇచ్చేదానికంటే గుర్తింపు సంఖ్యల జాబితా తీసుకుని అందరి వివరాలూ ఒకేసారి ఇచ్చేది ముందు రాయండి. లేకపోతే లూపు లోపల ఒక్కొక్కరినీ అడిగే కోడు వచ్చిపడుతుంది.

లింటర్‌కు ఒక గుడ్డిచోటు ఉంది. ఆర్డర్ నుంచి చుక్క పెట్టి ఖాతాదారు, అక్కడినుంచి చుక్క పెట్టి బకాయి అని రాస్తే ఇంపోర్టే లేదు, ఓఆర్ఎం (టేబుళ్లను పైథాన్ ఆబ్జెక్టులుగా చూపే జాంగో భాగం) దారిలో రెండు గట్లు దాటేశారు. ఫారిన్ కీకి రిలేటెడ్_నేమ్ ప్లస్ గుర్తుగా పెడితే వెనక్కి వెళ్లే దారి మూసుకుంటుంది. ముందుకు వెళ్లే దారికి టెస్టుల్లో కాపలా పెట్టండి: జాంగో 2.0 నుంచి కనెక్షన్ మీద ఎగ్జిక్యూట్_రాపర్ ఉంది, ప్రతి ఎస్‌క్యూఎల్ వాక్యం దాని గుండా పోతుంది. గోదాం టెస్టు నడుస్తుండగా బిల్లింగ్ టేబుల్ పేరు కనిపిస్తే టెస్టును పడగొట్టేయండి.

మొదటి ముక్కగా ఆర్డర్‌ను ముట్టుకోకండి. నోటిఫికేషన్లతో మొదలుపెట్టండి. దాన్ని అందరూ పిలుస్తారు, అది ఎవర్నీ పిలవదు, టేబుళ్లు దాదాపు తనవే. మూడు వారాల్లో తేలిపోయే పని, పద్ధతి చేతికి అలవాటవుతుంది. తర్వాత వసూళ్లు, ఆ తర్వాత స్టాకు. చుట్టూ ఉన్నవి తొలగుతుంటే 4,100 లైన్ల ఫైలు దానంతటదే చిక్కుతుంది.


నల్లరేగడి

పైన చెప్పినదానితో ఏకీభవిస్తూ డేటాబేస్ సంగతి చెప్తాను. అన్నదమ్ములు వేరుపడి పొయ్యిలు రెండు పెట్టుకున్నా బావి ఒకటే అయితే తగాదా బావి దగ్గరే వస్తుంది. ఇక్కడ బావి పోస్ట్‌గ్రెస్.

70 ఫారిన్ కీలను ఒకేసారి తెంచే అవసరం లేదు. మాడ్యూల్ లోపల ఉన్నవి అలాగే ఉంటాయి. హద్దు దాటేవి మాత్రమే, అదీ ఆ మాడ్యూల్ వంతు వచ్చినప్పుడే. రెండు అంచెల్లో తీయండి.

మొదటి అంచెలో ఫారిన్‌కీకి డీబీ_కన్‌స్ట్రెయింట్ ఫాల్స్ పెట్టండి. డేటాబేస్‌లో కట్టడి పోతుంది, జాంగోలో సంబంధం మిగులుతుంది. కట్టడి తీసే ఆల్టర్ టేబుల్‌కు రెండు టేబుళ్ల మీదా యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్ లాక్ (చదవడాన్ని కూడా ఆపే తాళం) కావాలి. ఆ సమయంలో ఎవరిదో పది నిమిషాల రిపోర్టు ఆర్డర్ టేబుల్ చదువుతుంటే మీ ఆల్టర్ దాని కోసం ఆగుతుంది, ఆ వెనక వచ్చే మామూలు సెలెక్టులన్నీ మీ ఆల్టర్ వెనక వరస కడతాయి, సైటు నిలిచిపోతుంది. అందుకని మైగ్రేషన్ (డేటాబేస్ మార్పులు రాసే ఫైలు) మొదట్లోనే లాక్_టైమౌట్ 2 సెకన్లు పెట్టి, విఫలమైతే కాసేపాగి మళ్లీ ప్రయత్నించేలా రాయండి. రాత్రి పూటైనా ఇది తప్పనిసరి, రాత్రి రిపోర్టులే పెద్దవి.

రెండో అంచెలో ఫారిన్‌కీ ఫీల్డును మామూలు బిగ్‌ఇంటీజర్ చేయాలి. ఇక్కడ రెండు గోతులున్నాయి. 'కస్టమర్' అనే ఫీల్డు తీసి 'కస్టమర్_ఐడీ' అని రాస్తే మేక్‌మైగ్రేషన్స్ దాన్ని పాత ఫీల్డు తొలగింపు, కొత్త ఫీల్డు చేర్పుగా రాస్తుంది. డేటాబేస్‌లో కాలమ్ పేరు మొదటినుంచీ కస్టమర్_ఐడీయే కదా అని నమ్మి నడిపితే కాలమ్ డేటాతో సహా పోతుంది. సెపరేట్‌డేటాబేస్‌అండ్‌స్టేట్ వాడి, డేటాబేస్ వైపు ఖాళీగా ఉంచి, స్టేట్ (మోడళ్ల గురించి జాంగో గుర్తుంచుకునే రూపం) వైపు మాత్రమే మార్పు రాయండి. ఫారిన్‌కీకి జాంగో తనంతట తాను ఇండెక్సు పెడుతుంది, ఇంటీజర్‌కు పెట్టదు. డీబీ_ఇండెక్స్ ట్రూ అని స్టేట్‌లో రాయకపోతే మోడల్‌కూ డేటాబేస్‌కూ పొంతన పోతుంది.

రెండో గొయ్యి: కాస్కేడ్ తొలగింపు, అంటే ఒక వరస తీసేస్తే దాన్ని చూపే వరసలూ పోవడం. జాంగోలో ఆన్_డిలీట్ కాస్కేడ్ చేసేది జాంగోయే, పోస్ట్‌గ్రెస్ కాదు. కట్టడి మాత్రమే తీసినప్పుడు అది నడుస్తూనే ఉంటుంది. ఫీల్డును ఇంటీజర్ చేసిన రోజు చప్పుడు లేకుండా ఆగిపోతుంది, అనాథ వరసలు మిగులుతాయి. హద్దు దాటిన ప్రతి కాలమ్‌కూ రోజుకోసారి అనాథలను లెక్కించే లెఫ్ట్ జాయిన్ క్వెరీ పెట్టి, సున్నా దాటితే అలారం మోగించండి. ఇంకా మంచిది, హద్దు అవతలి మాడ్యూళ్లు వాడుకునే వరసలను అసలు తొలగించకుండా 'నిలిపివేసినది' అని గుర్తు పెట్టడం.

రిపోర్టుల జోలికి ముందే వెళ్లకండి. ఐదు మాడ్యూళ్ల టేబుళ్లు జాయిన్ చేసే రిపోర్టు ప్రతి సంస్థలోనూ ఉంటుంది. దాన్ని ఏపీఐల ద్వారా పైథాన్‌లో జాయిన్ చేయబోతే మెమరీ చాలదు. రిపోర్టుల కోసం వేరే స్కీమా (డేటాబేస్‌లో విడి భాగం) పెట్టి, ప్రతి మాడ్యూలూ తన డేటాను వ్యూగా (పేరు పెట్టి ఉంచిన క్వెరీగా) అక్కడ ఇవ్వాలి, చదవడం రీడ్ రెప్లికా (చదవడానికే ఉన్న నకలు డేటాబేస్) నుంచి. వ్యూ అన్నది ఒప్పందం. దాని కాలమ్ మార్చాలంటే రిపోర్టు టీముకు ముందు చెప్పాలి.

ఇక సిగ్నళ్లు. 60 పోస్ట్_సేవ్‌లను ఒక్కొక్కటిగా చూసి ఒకే ప్రశ్న వేయండి: ఈ పని విఫలమైతే ఆర్డరు కూడా ఆగాలా? ఆగాలంటే (అప్పు పరిమితి, స్టాకు కేటాయింపు) ఏపీఐ ఫంక్షన్‌ను నేరుగా పిలవండి, అదే ట్రాన్సాక్షన్‌లో (అన్నీ కలిసి జరిగే లేదా అన్నీ రద్దయ్యే డేటాబేస్ పని). ఒకే ప్రాసెస్‌లో ఉండడం వల్ల దక్కే పెద్ద లాభం ఇదే, సర్వీసులకు వెళ్తే మొదట పోయేదీ ఇదే. ఆగనక్కర్లేదంటే (ఎస్సెమ్మెస్, లెడ్జర్ పద్దు) ఈవెంట్, అంటే తర్వాత అందే సందేశం. సిగ్నళ్లను అలాగే ఉంచకూడదు, ఎందుకంటే బల్క్_క్రియేట్, క్వెరీసెట్ అప్‌డేట్ చేసినప్పుడు పోస్ట్_సేవ్ అసలు మోగదు. ఎవరో వేగం కోసం లూపు తీసి బల్క్_క్రియేట్ పెడతారు, లెడ్జర్‌లో పద్దులు రావు.

ఈవెంట్లకు ట్రాన్సాక్షన్ ఆన్_కమిట్ ఒక్కటే చాలదు. ట్రాన్సాక్షన్ డేటాబేస్‌లో ఖాయమయ్యాక (కమిట్), కాల్‌బ్యాక్ నడిచేలోపు ప్రాసెస్ చనిపోతే ఈవెంట్ పోయినట్టే. ఔట్‌బాక్స్ టేబుల్ (పంపాల్సిన ఈవెంట్ల చిట్టా) పెట్టండి: యూయూఐడీ (మళ్లీ రాని గుర్తింపు సంఖ్య), ఈవెంట్ రకం, జేసన్‌బీలో వివరం, పుట్టిన సమయం, పంపిన సమయం. ఆర్డరు రాసే ట్రాన్సాక్షన్‌లోనే ఈ వరస కూడా రాయాలి. వర్కర్ ఒకటి పంపని వరసలను 100 చొప్పున సెలెక్ట్ ఫర్ అప్‌డేట్ స్కిప్ లాక్డ్‌తో (వేరే వర్కర్ పట్టుకున్నవి వదిలేస్తూ) తీసి పంపుతుంది. 'చివరిగా చూసిన నంబరు కంటే పెద్దవి' అని తీయకండి. సీక్వెన్స్ నంబరు ముందు తీసుకున్న ట్రాన్సాక్షన్ ఆలస్యంగా కమిట్ కావచ్చు. 501 ముందు కనబడి, 500 తర్వాత వస్తే ఆ 500 ఎప్పటికీ వెళ్లదు. అందుకే పంపిన సమయం ఖాళీగా ఉందా అన్నదే చూడాలి.

ఇలా పంపితే ఒకే ఈవెంట్ రెండుసార్లు చేరే అవకాశం ఉంటుంది. అందుకునే మాడ్యూల్ ఈవెంట్ యూయూఐడీని యూనిక్ కట్టడి ఉన్న టేబుల్‌లో, తన పని చేసే ట్రాన్సాక్షన్‌లోనే రాయాలి. ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్ పెట్టి, వరస చేరకపోతే పని ముందే అయిపోయిందని వదిలేయాలి. పంపేసిన ఔట్‌బాక్స్ వరసలను వారానికోసారి గుంపులుగా తొలగించడం మరవకండి, లేదంటే అదే మీ అతిపెద్ద టేబుల్ అవుతుంది.


బెళ్లందూరు_బ్యాకెండ్

ఇద్దరికీ ధన్యవాదాలు. టేబుళ్ల పట్టిక మొదలుపెట్టాం. వసూళ్ల సంగతికి వస్తే, రసీదు, చెక్కు, బకాయి లాంటి ఆరు మోడళ్లు ఇప్పుడు 'ఆర్డర్స్' ఆప్‌లో ఉన్నాయి. సైటు ఆపకుండా వీటిని 'కలెక్షన్స్' అనే కొత్త ఆప్‌లోకి ఎలా జరపాలి? వాటికి సెలరీ టాస్కులు 18 ఉన్నాయి, కొన్ని మూడు రోజుల తర్వాత నడిచేలా కౌంట్‌డౌన్‌తో పెట్టినవి.


సీమ_కోడర్

ముందు పేరు మార్చండన్నా. కలెక్షన్స్ అనేది పైథాన్ ప్రామాణిక లైబ్రరీలో ఉన్న మాడ్యూల్. స్టార్ట్‌ఆప్ కమాండే ఆ పేరుకు ఒప్పుకోదు. 'రిసీవబుల్స్' అని పెట్టుకోండి.

మోడల్ జరపడమంటే టేబుల్ జరపడం కాదు. కొత్త మోడల్ మెటాలో డీబీ_టేబుల్‌కు పాత టేబుల్ పేరే రాయండి. కొత్త ఆప్ మైగ్రేషన్‌లో స్టేట్ వైపు క్రియేట్‌మోడల్, వాటిని చూసే ఫారిన్‌కీలు ఎక్కడున్నా స్టేట్ వైపు ఆల్టర్‌ఫీల్డ్, చివర్లో పాత ఆప్‌లో స్టేట్ వైపు డిలీట్‌మోడల్. ఈ వరసే పాటించాలి, మైగ్రేషన్ల మధ్య డిపెండెన్సీలు కూడా అలాగే రాయాలి. డేటాబేస్‌కు ఒక్క వాక్యం కూడా వెళ్లకూడదు. ఎస్‌క్యూఎల్‌మైగ్రేట్ కమాండుతో చూసి, క్రియేట్ గానీ డ్రాప్ గానీ కనబడితే ఆపేయండి. టేబుల్ పేరు మార్చాలనుంటే ఆరు నెలల తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు.

కంటెంట్ టైప్ వరసలు (ఒక్కో మోడల్‌కూ జాంగో ఉంచే నమోదు) చాలామంది మరిచిపోతారు. అనుమతులు, అడ్మిన్ లాగ్, జెనెరిక్ సంబంధాలు అన్నీ వాటి నంబరు మీద ఆధారపడతాయి. ఆప్ లేబుల్ మారితే జాంగో మైగ్రేట్ చివర్లో కొత్త కంటెంట్ టైప్ పుట్టిస్తుంది, పాత అనుమతులు పాత నంబరు దగ్గరే ఉండిపోతాయి, మర్నాడు పొద్దున అకౌంట్సు వాళ్లకు రసీదుల తెర కనబడదు. అదే మైగ్రేషన్‌లో రన్‌పైథాన్ పెట్టి పాత వరసలోనే ఆప్_లేబుల్ మార్చేయండి. తర్వాత మారుద్దామంటే కొత్త వరస అప్పటికే పుట్టి ఉంటుంది, ఆప్ లేబుల్, మోడల్ పేరు జంటకు యూనిక్ కట్టడి అడ్డుపడుతుంది. కోడులోనూ టెంప్లేట్లలోనూ పాత లేబుల్‌తో అనుమతి పేర్లు అక్షరాలుగా రాసి ఉంటాయి, వాటిని గ్రెప్‌తో వెతికి మార్చాలి.

సెలరీలో టాస్కు పేరు పెట్టకపోతే మాడ్యూల్ దారే పేరవుతుంది. ఫైలు జరిపిన క్షణం పేరు మారుతుంది. రెడిస్‌లో పాత పేరుతో ఉన్న సందేశం వర్కర్‌కు అందితే 'నమోదు కాని టాస్కు' అని లాగ్‌లో రాసి దాన్ని పారేస్తుంది, మళ్లీ ప్రయత్నించదు. మూడు రోజుల కౌంట్‌డౌన్‌తో ఉన్నవన్నీ అలా పోతాయి. ముందు ఒక డిప్లాయ్‌లో 18 టాస్కులకూ నేమ్ ఆర్గ్యుమెంట్‌తో ఇప్పుడున్న పేరునే స్పష్టంగా రాయండి. ఆ తర్వాత ఫైళ్లు ఎక్కడికి జరిపినా పేరు కదలదు. పేరు కూడా మార్చాలనుకుంటే పాత పేరుతో ఒక చిన్న టాస్కు ఉంచి కొత్తదాన్ని పిలిపించండి, కనీసం అతి పొడవైన కౌంట్‌డౌన్‌కు రెట్టింపు రోజులు. టాస్క్_రూట్స్‌లో పేరు నమూనాతో క్యూలు కేటాయించి ఉంటే కొత్త పేరు డిఫాల్ట్ క్యూలో పడుతుంది. బీట్ (సమయానికి టాస్కులు పంపే సెలరీ భాగం) షెడ్యూలు డేటాబేస్‌లో ఉంటే అక్కడా పాత పేరే రాసి ఉంటుంది. రెండూ చూడండి.

కాష్‌లో మోడల్ ఆబ్జెక్టులను పికిల్ చేసి (బైట్లుగా మార్చి) పెడుతున్నారా? అవి పాత ఆప్ పేరుతో ఉంటాయి, డిప్లాయ్ అయ్యాక తెరవగానే విఫలమవుతాయి. కాష్ వెర్షన్ నంబరు ఒకటి పెంచితే సరిపోతుంది. అయితే సెషన్లు కూడా అదే కాష్‌లో ఉంటే అందరూ ఒకేసారి లాగౌట్ అవుతారు. ముందు సెషన్లకు వేరే కాష్ పేరు ఇచ్చి ఆ తర్వాత పెంచండి.

డిప్లాయ్ సమయంలో కొన్ని నిమిషాలు పాత కోడు, కొత్త కోడు పక్కపక్కనే నడుస్తాయి. టేబుల్ కదలలేదు కాబట్టి మామూలు రాతకోతలకు ఇబ్బంది లేదు. కంటెంట్ టైప్ మారాక పాత కోడు దాన్ని వెతికితే మాత్రం దొరకదు, కొత్తది పుట్టించే ప్రమాదమూ ఉంది. అందుకని ఈ ఒక్క డిప్లాయ్ అకౌంట్సు వాళ్లు లేని వేళ చేయండి. సంక్రాంతి ముందు వారం, ఉగాది ముందు వారం పెట్టుకోకండి. సగం టీము ఊళ్లకు రైలెక్కి ఉంటారు.


అడయార్_గాలి

చెన్నై నుంచి రాస్తున్నాను. మాడ్యూళ్లయ్యాక ఏదైనా నిజంగా సర్వీసు కావాలా అన్న దాని గురించి. నా లెక్కన మీ వ్యవస్థలో అర్హత ఉన్నది బిల్లింగ్ ఒక్కటే, అందులోనూ ఈ-ఇన్వాయిస్ పోర్టల్‌తో (జీఎస్టీ బిల్లులు నమోదు చేసే ప్రభుత్వ వ్యవస్థ) మాట్లాడే భాగం. బయటి పోర్టల్ నెమ్మదిస్తే మీ గునికార్న్ (జాంగోను నడిపే సర్వర్) వర్కర్లు దాని కోసం కూర్చుంటాయి, డిఫాల్ట్ 30 సెకన్ల గడువు దాటితే చంపబడతాయి. అటామిక్_రిక్వెస్ట్స్ (ప్రతి రిక్వెస్టునూ ఒక ట్రాన్సాక్షన్‌గా నడిపే అమరిక) ఆన్‌లో ఉంటే ఆ సేపంతా డేటాబేస్ వరసల మీద లాకులు కూడా పట్టుకునే ఉంటాయి. దీనికి సర్వీసు దాకా పోనక్కర్లేదు. పోర్టల్ పిలుపును ట్రాన్సాక్షన్ బయటికి తెచ్చి, వేరే క్యూకి పంపి, గడువు (కనెక్షన్‌కు 3 సెకన్లు, జవాబుకు 15) పెడితే 90 శాతం బాధ తీరుతుంది. పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీకి డిఫాల్ట్ గడువు లేదని గుర్తుంచుకోండి, ఇవ్వకపోతే ఎంతసేపైనా ఆగుతుంది.

అయినా విడదీయాల్సి వస్తే బిల్లు నంబరు దగ్గర ఆగి ఆలోచించండి. సీజీఎస్టీ నిబంధన 46 ప్రకారం బిల్లు నంబరు వరస సంఖ్య, 16 అక్షరాలు దాటకూడదు, ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. పోస్ట్‌గ్రెస్ సీక్వెన్స్ వాడితే ట్రాన్సాక్షన్ రద్దయినప్పుడు ఆ నంబరు పోతుంది, వరసలో ఖాళీ వస్తుంది. శ్రేణికో వరస ఉన్న కౌంటర్ టేబుల్ పెట్టి సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌తో తీసుకోవాలి. దాని మీద అందరూ వరస కడతారు కనుక నంబరు తీసుకోవడం ట్రాన్సాక్షన్‌లో చివరి పనిగా ఉంచండి.

పాత కోడు, కొత్త సర్వీసు రెండూ ఒకే శ్రేణిలో నంబర్లు ఇవ్వకూడదు. అదృష్టవశాత్తూ నిబంధన ఒకటికి మించి శ్రేణులను అనుమతిస్తుంది. నాలుగు అక్షరాల గోదాం కోడు, ఒక గీత, ఆర్థిక సంవత్సరానికి నాలుగు అంకెలు, ఇంకో గీత, ఆరు అంకెల సంఖ్య: సరిగ్గా 16. శ్రేణికి ఏడాదిలో 9,99,999 బిల్లులు. కొత్త సర్వీసుకు కొత్త కోడు ఇచ్చి ముందు ఎలక్ట్రానిక్ సిటీ గోదామును మాత్రం దాని మీదకు మళ్లించండి. రెండు వారాలు చూసి యశవంతపుర. పది శాతం బిల్లులు ఇటు, తొంభై శాతం అటు అనే పంపకం ఇక్కడ పనికిరాదు.

తాటిచెట్టు మీద పడ్డ మర్రి విత్తు ఊడలు దించుకుంటూ పెరిగినట్టు పాతదాని చుట్టూ కొత్తది పెంచే ఈ పద్ధతికి 2004లో మార్టిన్ ఫౌలర్ అలాంటి చెట్టు పేరే పెట్టారు. మీకు రామోహళ్లి దొడ్డాలద మర (పెద్ద మర్రిచెట్టు) దగ్గరే కదా, వెళ్లి చూడండి. అసలు మాను ఎప్పుడో చీడపట్టి పోయింది, ఊడలు నేలలో దిగి ఉన్నాయి కాబట్టి చెట్టు నిలిచింది. కొత్త శ్రేణి ఒక నెలాఖరు లెక్కలు, ఒక జీఎస్టీ రిటర్ను దాటేదాకా పాత బిల్లింగ్ కోడు తీసేయకండి.

పోర్టల్ విషయంలో: ఐఆర్ఎన్ (ఇన్వాయిస్ రిఫరెన్స్ నంబరు) అనేది అమ్మకందారు జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, పత్రం నంబరు కలిపి తీసిన 64 అక్షరాల హ్యాష్. జవాబు రాకుండా గడువు దాటి మళ్లీ పంపినప్పుడు 'ఇది ముందే ఉంది' అని వస్తే అది వైఫల్యం కాదు. ఉన్నదాన్ని తెచ్చుకుని దాచుకోండి. కొత్త నంబరుతో మళ్లీ బిల్లు పుట్టించే కోడు ఉంటే ఒకే సరుకుకు రెండు బిల్లులవుతాయి. ఐఆర్ఎన్‌ను ఆ పోర్టల్‌లో 24 గంటల లోపే రద్దు చేయగలరు, ఆ తర్వాత క్రెడిట్ నోటు లాంటి వేరే దారి చూడాలి.

ఇంకొకటి, ఏప్రిల్ 1. టైమ్‌జోన్ డాట్ నౌ తీసుకుని దాని తేదీ అడిగితే జాంగో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) తేదీ ఇస్తుంది. అర్ధరాత్రి నుంచి తెల్లవారి 5:30 దాకా మన దగ్గర ఏప్రిల్ 1 అయినా దానికి మార్చి 31. తెల్లవారుజామున లోడయ్యే లారీల బిల్లులన్నీ పాత ఆర్థిక సంవత్సరం శ్రేణిలో పడతాయి. లోకల్‌డేట్ వాడండి, ఆ ఐదున్నర గంటలకు ప్రత్యేకంగా టెస్టు రాయండి.


బెళ్లందూరు_బ్యాకెండ్

నౌ డాట్ డేట్ అని 31 చోట్ల ఉంది, వెంటనే మారుస్తున్నాం. లింటర్ ఆన్ చేశాం, మినహాయింపు చిట్టాలో 1,870 ఇంపోర్టులు తేలాయి. ఈ చిట్టా పెరగకుండా ఎవరు చూడాలి? మూడు టీములూ అందులో వరసలు చేర్చగలవు కదా.


తుంగభద్ర_తీరం

చిట్టాలో నక్షత్రం గుర్తులు వాడకండి. 'ఆర్డర్స్‌లో ఏదైనా, బిల్లింగ్‌లో ఏదైనా' అని ఒక్క వరస రాస్తే దాని చాటున కొత్తవి చేరిపోతాయి. 1,870 వరసలూ విడివిడిగా ఉండనివ్వండి. తీసేసిన ఇంపోర్టు చిట్టాలో మిగిలిపోతే లింటర్ డిఫాల్ట్‌గా తప్పు చూపిస్తుంది కాబట్టి తగ్గడం దానంతటదే నమోదవుతుంది. పెరగకుండా ఉండడానికి సీఐలో ఇంకో చిన్న తనిఖీ: మెయిన్ బ్రాంచిలో చిట్టా వరసలెన్ని, ఈ పుల్ రిక్వెస్టులో ఎన్ని. ఎక్కువైతే ఆపాలి. నిజంగా చేర్చాల్సి వస్తే కోడ్‌ఓనర్స్ ఫైల్లో ఆ కాన్ఫిగ్‌కు మూడు టీముల నుంచి ఒక్కొక్కరిని పెట్టండి, ఎవరి మాడ్యూల్లోకి చొరబడుతున్నారో ఆ టీము మనిషి ఒప్పుకోవాలి.

టెస్టుల 48 నిమిషాలు కూడా ఇక్కడినుంచే తగ్గుతాయి. మారిన మాడ్యూల్, దాన్ని ఇంపోర్ట్ చేసేవి, వీటి టెస్టులు మాత్రం పుల్ రిక్వెస్టుకు నడిపి, మొత్తం టెస్టులు మెయిన్‌లో కలిశాక నడపండి. నోటిఫికేషన్లు విడిపోయిన రోజు దాని టెస్టులు ఒక్కటే నడిపి చూడండి. వేరే మాడ్యూల్ ఫిక్స్చర్ (టెస్టు కోసం పెట్టే డేటా) లేకుండా అవి పాస్ కాకపోతే గట్టు ఇంకా పడలేదు.